పైలోయ మాట, దిగువలోయ మాట

అనగనగా మంచుకొండల నడుమ ఒక లోయ అమ్మడూ. దాని పేరు యాగ్నోబ్. తాజికిస్తాన్ అనే దేశంలో ఉంది. చలికాలం వచ్చిందంటే నెలల తరబడి దారులన్నీ మంచు కప్పేసేది. లోపలివాళ్ళు లోపలే. అందుకే వాళ్ళ పాత మాట వాళ్ళ దగ్గర పదిలంగా ఉండిపోయింది. దాన్ని యాగ్నోబీ అంటారు.

మాట ఒకటే గానీ, లోయ పైవాళ్ళది ఒక తీరు, దిగువవాళ్ళది ఇంకో తీరు. పగటిని పైన 'మేస్' అంటే, దిగువన 'మేత్' అంటారు. అలాంటి చిన్న చిన్న తేడాలే. ఆ మాత్రానికే ఒకరిని చూసి ఒకరు మూతి తిప్పుకునేవాళ్ళు.

అప్పుడు ఏమైందంటే, ఒక ఏడాది అధికారులు వచ్చారు. లోయలోవాళ్ళని హెలికాప్టర్లు ఎక్కించి, ఎక్కడో పత్తి పండే మైదానంలో దింపేశారు. అడిగింది లేదు, పెట్టింది లేదు. ఆ ఎండకి తాళలేక ఎంతోమంది పోయారు.

ఆ తర్వాత ఆ మైదానంలోనే పైలోయ సబోహత్ కూతురికీ, దిగువలోయ హలీమా కొడుక్కీ పెళ్ళయింది. నిగోరా అని పాప పుట్టింది. అమ్మానాన్నలు పొద్దున్నే పత్తిచేలోకి పోతే పాప ఇద్దరు ముసలమ్మల చేతుల్లోనే ఉండేది. చుట్టూ అందరిదీ తాజిక్ మాట. ఈ పిల్ల నోట తమ మాట నిలవాలని ఇద్దరికీ ఒకటే ఆరాటం. కానీ ఎవరి తీరులో నిలవాలి? అక్కడే వచ్చింది తంటా.

ఒకరోజు పాప రొట్టె అడిగింది, అమ్మమ్మ సబోహత్ తీరులో. నాన్నమ్మ హలీమా రొట్టె చేతిలోనే పట్టుకుని, తన తీరులో అడిగించి మరీ పెట్టింది.

ఆ తర్వాత మేక ఈనిందని పరిగెత్తుకొచ్చి చెప్పింది, నాన్నమ్మ తీరులో. మేకపిల్ల సంగతి వదిలేసి అమ్మమ్మ ఆ మాట దిద్దుతూ కూర్చుంది. అంత పంతం ఆవిడకి.

మూడోసారి జ్వరంలో మంచినీళ్ళు అడిగింది. ఇటు ఒకరు, అటు ఒకరు చేరి దిద్దడం మొదలెట్టారు. నీళ్ళు ఎవరిచ్చారో తెలుసా? పక్కింటి తాజిక్ ఆవిడ.

అప్పటినుంచి పిల్ల యాగ్నోబీలో నోరు విప్పలేదు. ఆ పక్కింటి మాటే పట్టుకుంది. అందులో ఎంత తప్పు మాట్లాడినా ఎవరూ ఏమీ అనరు కదా. ముసలమ్మలు ఏమడిగినా తాజిక్‌లోనే జవాబు. కొన్నాళ్ళు నీవల్లే అంటే నీవల్లే అనుకున్నారు. తర్వాత అదీ మానేశారు.

కొన్నేళ్ళకి కొందరు మళ్ళీ లోయకి ప్రయాణమయ్యారు. సబోహత్ కూడా మూట కట్టుకుంది. నా కొండ మీద నాలుగు నెలలైనా ఉండి వస్తానంది. లారీ ఎక్కబోతుంటే నిగోరా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా, మంచు పడకముందే వచ్చెయ్యి" అంది.

యాగ్నోబీలోనే అంది. సగం పైతీరు, సగం దిగువతీరు, మధ్యలో ఇద్దరిదీ కాని తప్పులు.

సబోహత్‌కి దిద్దే మాట నోటిదాకా వచ్చింది. హలీమా పెదవులు కూడా కదిలాయి. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు హలీమా కళ్ళు తుడుచుకుని, "పిల్ల నిన్ను రమ్మంటోంది వదినా, జవాబు చెప్పు" అంది.

సబోహత్ పిల్లని దగ్గరికి తీసుకుంది. "మంచు పడకముందే వచ్చేస్తానమ్మా" అంది. పిల్ల అన్నట్టే అంది, ఆ తప్పులన్నిటితో సహా.

మొన్న నువ్వు మీ నాన్నమ్మలాగా ఉల్లిగడ్డ అన్నావని నేను నవ్వాను కదూ? ఉల్లిపాయ అనేదాకా వదల్లేదు కూడాను. తప్పు నాదే తల్లీ. ఇంకెప్పుడూ నవ్వను, పడుకో.

కథ నడిచింది కంచికి,
మనమొచ్చాం ఇంటికి,
మాట దక్కింది నోటికి,
నిదరొచ్చింది కంటికి.