వనభోజనంలో రుచి దొంగ

పెద్దేటికి ఇటువైపు ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఉద్దండ భూపతి అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. దారిలో ముసలివాళ్ళు ఎదురైతే పల్లకి ఆపించి యోగక్షేమాలు అడిగేవాడు. కానీ ఆయనకు రెండు గర్వాలుండేవి. తన నాలుకంత పదునైన నాలుక భూమ్మీద లేదని ఒకటి, తన ఒంటిని ఏ రోగమూ తాకలేదని రెండోది.

నాలుక సంగతి కొంత నిజమే. వంకాయ కూర నోట్లో పెట్టుకుని, ఆ కాయలు ఏ ఊరి తోటలోవో చెప్పేవాడు. రోగం సంగతే అబద్ధం. ఆయనకూ అందరిలాగే తలనొప్పులూ కడుపునొప్పులూ వచ్చేవి. వచ్చాయని మాత్రం ఎవరూ అనకూడదు. ఒకసారి ఆస్థాన వైద్యుడు నాడి పట్టుకుని, "ప్రభువులకు కొంచెం అజీర్తి చేసినట్టుంది" అన్నాడు. మర్నాడే ఆయన్ను ఏనుగులకు వైద్యం చెయ్యమని గజశాలకు పంపేశారు. ఆయన స్థానంలో వచ్చిన సింగరాచార్యులు తెలివైనవాడు. ఎప్పుడు నాడి చూసినా "దివ్యంగా ఉంది ప్రభూ" అనేవాడు. మందును తేనెలో రంగరించి, ప్రసాదమని చెప్పి ఇచ్చేవాడు.

ఆ ఏడు కార్తిక మాసంలో రాజుగారికి వనభోజనానికి వెళ్ళాలని బుద్ధి పుట్టింది. ఏటి మధ్యన ఉసిరిచెట్లున్న లంక ఒకటి ఉంది. పదిహేను పడవలు కట్టించారు. పరివారమూ పడవవాళ్ళూ కలిసి మూడు వందల మంది, తూర్పు తెల్లబడే వేళకు లంకలో దిగారు.

ఏటి మీద మంచు దట్టంగా పట్టి ఉంది. నీళ్ళను చూస్తేనే వణుకు పుడుతోంది. "కాస్త ఎండ రానిచ్చి స్నానం చేద్దాం ప్రభూ" అన్నాడు సింగరాచార్యులు, వినయంగా.

"చలి మిమ్మల్ని వణికిస్తుంది. మమ్మల్ని చూస్తే అదే వణుకుతుంది" అని రాజు గుండెల లోతుకు దిగి ముప్పై మూడు మునకలు వేశాడు. పైకి వచ్చాక తలైనా తుడుచుకోలేదు. తడి జుట్టుతోనే గట్టు మీద నిలబడి, గడగడలాడుతున్న పరివారాన్ని చూసి మీసం దువ్వాడు.

వంటల బాధ్యత విస్సన్నది. రాజుగారి తండ్రి కాలం నుంచి, ముప్పై రెండేళ్ళుగా, ఆ కోటలో పొయ్యి వెలిగించేది ఆయనే. ఆ రోజు ఇసుకలో గాడిపొయ్యిలు తవ్వించి పులిహోర కలిపాడు, కంద బచ్చలి కూర చేశాడు, బూరెలు వేశాడు. అన్నిటికంటే చివర తీపి గుమ్మడికాయ పులుసు దించి, దాంట్లో ఇంగువ పోపు పెట్టాడు. ఆ వాసనకు అవతలి గట్టున పొలం దున్నుకునేవాళ్ళు కూడా అరకలు ఆపి ఇటు చూశారట.

ఉసిరిచెట్ల కింద అరిటాకులు వేశారు. రాజుగారు మొదటి ముద్ద తినేదాకా ఎవరూ తినకూడదు. మూడు వందల మందీ వడ్డించిన ఆకుల ముందు కూర్చుని ఆయన చేతివైపే చూస్తున్నారు.

రాజు పులుసన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేబిటి?" అన్నాడు.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆయన "ఇదేమిటి" అనబోయాడు. ముక్కు దిబ్బడ వెయ్యడంతో 'మ' కాస్తా 'బ' అయి కూర్చుంది.

"బంత్రీ! బాకు బట్టి పెట్టారా?"

మంత్రి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. "ప్రభువుల నాలుకకు తిరుగేముంది" అని చూపు నేల మీదికి దించుకున్నాడు.

రాజు కంద బచ్చలి రుచి చూశాడు. "ఇదీ బట్టే!" బూరె కొరికాడు. "ఇదీ బట్టే! పిలవండి ఆ విస్సన్నను!"

విస్సన్న మడిబట్టతో, చేతికి అంటిన పిండితోనే పరుగున వచ్చాడు.

"ఉప్పు లేదు, పులుపు లేదు. ఏం చేశావు?" అని గద్దించాడు రాజు.

"ప్రభూ, దేవుడికి నివేదన కాకుండా నేను రుచి చూడను. చేతి కొలతే నా కొలత. ఇన్నేళ్ళలో ఈ చెయ్యి తప్పలేదు."

"అంటే బా నాలుక తప్పిందా?"

ఆ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా చిక్కే. విస్సన్న తల దించుకున్నాడు. అది చూసి రాజుకు కోపం రెట్టింపైంది.

"పొద్దు గుంకేలోగా వీడి బెడకు గరిటె కట్టి పొలిబేర దాటించండి!"

మాట వింటే నవ్వొచ్చేలా ఉంది గానీ, శిక్ష శిక్షే. ఆ మూడు వందల మందిలో ఒక్కరికీ నవ్వు రాలేదు. అది పడిశమని, కంగారులో ఉన్న విస్సన్నకు తప్ప అందరికీ తెలుసు. చెప్పే గుండె ఎవరికీ లేదు. రాజుకూ లోలోపల తెలిసే ఉంటుంది. కానీ ఆ మాట తన నోటితో ఎలా అంటాడు?

ఆస్థానంలో మాచన అనే అతను ఉండేవాడు. రాజుగారికి పొద్దుపోనప్పుడు కబుర్లు చెప్పడం అతని కొలువు. అతను ఆకు ముందు నుంచి లేచి పొయ్యిల దగ్గరికి వెళ్ళాడు. విస్సన్న ఇసుకలో కూలబడి ఉన్నాడు. చేతిలో గరిటె. అది శుభ్రంగానే ఉన్నా పంచె చెంగుతో తుడుస్తూనే ఉన్నాడు.

"బాబాయ్, దిగులుపడకు" అన్నాడు మాచన.

"దిగులు శిక్షకు కాదురా నాయనా. ప్రభువు అంతలా అన్నాక నా చేతి మీద నాకే అనుమానం పుట్టింది" అన్నాడు విస్సన్న. గరిటెను తిప్పి తుడుస్తూ, "ఈ వయసులో ఏ ఊరు పోయి పొయ్యి రాజేసుకోను? ఇంటికెళ్ళి మీ పిన్నికేమని చెప్పను?" అన్నాడు.

మాచనకు ఆ మాట మనసులో గుచ్చుకుంది. నేరుగా సింగరాచార్యుల దగ్గరికి వెళ్ళి, ఆయన్ను చెట్టు చాటుకు లాగాడు.

"ఆచార్యులవారూ, అది పడిశమే కదా?"

"ఉష్! ఆ మాట అనకు బాబూ. నాకు ఏనుగులంటే భయం."

"మందుందా?"

ఆచార్యులు అటూ ఇటూ చూసి, రొంటిన దోపుకున్న పసుపు కొమ్ము తీశాడు. "పొద్దున మునకలు చూసినప్పుడే తీసి దగ్గర పెట్టుకున్నాను. దీన్ని కాల్చి పొగ పీలిస్తే ఇట్టే వదులుతుంది. కానీ పీల్చమని ఆయనతో ఎవరు చెబుతారు?"

"ఆయనే చెబుతారు, మీరు నిప్పు సిద్ధం చెయ్యండి" అన్నాడు మాచన.

రాజు ఇంకా ఆకు ముందే కూర్చుని ఉన్నాడు. ఆకలి ఒకపక్క, అహంకారం ఒకపక్క. మాచన వెళ్ళి చేతులు జోడించాడు.

"ప్రభూ, తమ ఆకులో రుచి లేని మాట నిజం. కానీ పాపం విస్సన్నది కాదు. ఆ రుచిని ఒకడు దొంగిలించాడు."

రాజు తలెత్తాడు. "దొంగా? బా దగ్గరే దొంగతనబా?"

"అవును ప్రభూ. పొద్దున తమరు స్నానం చేస్తుండగా నీళ్ళలోంచి తమ వెంటపడి వచ్చాడు. ఇక్కడికి దగ్గరలోనే ఒక గుహలో దూరాడు. దానికి రెండు గుమ్మాలున్నాయి. రెండూ బిగించుకుని లోపల కూర్చున్నాడు."

"సేనాపతీ, కత్తులు తీయించు!"

"కత్తితో అయ్యే పని కాదు ప్రభూ. ఎలుక కలుగులో దూరితే పొగ పెడతాం కదా, వీణ్ణీ అలాగే వెళ్ళగొట్టాలి. కాకపోతే ఒక చిక్కుంది. ఆ గుహ చాలా గొప్పవారిది. పొగ పెట్టనిస్తారో లేదోనని జంకుతున్నాను."

ఆ మాటకు రాజుకు పౌరుషం వచ్చింది. "బాకంటే గొప్పవాడెవడు? గుహ ఎవరిదైనా సరే పొగ పెట్టు. అడ్డు చెప్పినవాడు దొంగను దాచినట్టే. విస్సన్న శిక్ష వాడికి వేస్తాబు!"

"ఆ మాట మంత్రిగారు అందరికీ వినిపించేలా చాటితే నాకు ధైర్యంగా ఉంటుంది."

మంత్రి లేచి నిలబడి చాటాడు. ఆయనకు విషయం అప్పటికే తెలిసిపోయింది. మూడు వందల మందీ విన్నారు.

"ఇప్పుడు చెప్పు. ఎక్కడుంది ఆ గుహ?" అన్నాడు రాజు.

మాచన తల వంచాడు.

"తమ మీసాలకు పైన, కళ్ళకు కింద, ప్రభూ."

రాజు చెయ్యి దానంతటదే ముక్కు మీదికి వెళ్ళింది. ముఖం ఎర్రబడింది. సగం లేచాడు. "ఎంత ధైర్యబు నీకు!"

మాచన కదలలేదు. "పడిశానికి రాజూ పేదా తేడా తెలియదు ప్రభూ. తెలిస్తే తమ దగ్గరికి రాగలదా? రావడం దాని తప్పు. ఇక దాన్ని ఉంచుకుంటారో వెళ్ళగొడతారో తమ ఇష్టం. మాట కూడా తమరే ఇచ్చారు."

ఏమయ్యేదో గానీ, అంతలో విస్సన్న జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు. శిక్ష సంగతే మరచిపోయినట్టున్నాడు. ముఖం నిండా కంగారు.

"అయ్యో, పడిశం పట్టిందా బాబూ! నాకు పొద్దున్నే ఒక్క మాట చెబితే మిరియాల చారు కాచి ఇచ్చేవాణ్ణి కదా! చిన్నప్పుడూ అంతే తమరు. ముక్కు కారుతున్నా కారలేదనేవారు."

రాజు ఆయనవైపు చూశాడు. తాను మెడకు గరిటె కట్టి తరమమన్న మనిషి. ఆ చేతిలో ఇంకా ఆ గరిటె అలాగే ఉంది. రాజు నెమ్మదిగా పీట మీద కూర్చున్నాడు.

"కానివ్వండి" అన్నాడు.

సింగరాచార్యులు పసుపు కొమ్మును నిప్పుల మీద కాల్చి, పొగ లేస్తుండగా రాజుగారి ముక్కు దగ్గర పెట్టాడు. రాజు ఒకసారి పీల్చాడు. రెండోసారి పీల్చాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తల వెనక్కి వాలింది.

"హా... హా... హాచ్చి!"

ఆ తుమ్ముకు కిరీటం ఎగిరి పులిహోర గంగాళంలో పడింది. రాజుగారు తుమ్మితే ఏమనాలో పరివారానికి తెలియదు. వాళ్ళ ముందు ఎప్పుడూ తుమ్మలేదు మరి! పడవవాళ్ళ వరసలోంచి పోలమ్మ అనే ముసలామె మాత్రం సొంత కొడుకు తుమ్మినట్టే అలవాటుగా, "చిరంజీవ బాబూ, నిండు నూరేళ్ళు!" అంది.

రెండో తుమ్ముకు పదిమంది అన్నారు. మూడో తుమ్ముకు లంకంతా "చిరంజీవ!" అని మోగింది. అలా పద్నాలుగు తుమ్ములు లెక్కపెట్టారు.

పద్నాలుగో తుమ్ము తరవాత రాజు ఊపిరి పీల్చుకున్నాడు. మళ్ళీ పీల్చాడు. కళ్ళు మూసుకుని, "ఇంగువ..." అన్నాడు. "మెంతి కొంచెం. ఎండుమిరపకాయ. మాచనా! మా పులుసేదీ?"

'మ' చక్కగా పలికింది. అంతమందీ ఒక్కసారి గట్టిగా ఊపిరి విడిచారు. సింగరాచార్యులైతే ఉసిరిచెట్టు మొదటికి జారగిలబడిపోయాడు.

విస్సన్న వేడివేడిగా వడ్డించాడు. రాజు మొదటి ముద్ద తిన్నాడు. రెండో ముద్దా తిన్నాడు. మూడోసారి పులుసు వేయించుకున్నాక ఎడమచేత్తో విస్సన్న మణికట్టు పట్టుకున్నాడు.

"నీ చెయ్యి తప్పలేదు విస్సన్నా. మా నోరే తప్పింది. శిక్ష రద్దు."

విస్సన్న పులుసు గిన్నె మీద చూపు పెట్టి, "ఇంకో గరిటె వెయ్యనా బాబూ?" అన్నాడు.

రాజు మాచనవైపు తిరిగాడు. "దొంగను దాచినవాడికి శిక్ష అని చాటించాం. మరి మా సంగతేమిటి?"

"దాచినవారే తలుపులు తెరిచి అప్పగించారు ప్రభూ. అయినా పద్నాలుగు తుమ్ములు చాలవా?"

రాజు పకపకా నవ్వాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వు చూసి మంత్రి నవ్వాడు, సేనాపతి నవ్వాడు, ఆకుల ముందున్నవాళ్ళంతా నవ్వుతూనే ముద్దలు కలిపారు. రాజు తన భుజం మీది పట్టు శాలువా తీసి విస్సన్నకు కప్పాడు. చేతి కంకణం తీసి మాచనకు తొడిగాడు. "ఆచార్యా, ఇకమీద మా ఒంట్లో ఏముందో ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నాడు సింగరాచార్యులతో. ఆయన వెంటనే నాడి పట్టుకుని, "అయితే మూడు రోజులు చన్నీళ్ళు పనికిరావు, పెరుగూ పనికిరాదు" అన్నాడు. రాజు ముఖం ముడుచుకున్నా సరేనన్నాడు.

పొద్దు వాలేసరికి గిన్నెలు కడిగి పడవలకెక్కించారు. పెద్ద పడవలో రాజు, మంత్రి, మాచన కూర్చున్నారు. విస్సన్న గంగాళానికి చేరగిలబడి, శాలువా గడ్డం దాకా లాక్కుని, పడవ గట్టు వదిలేలోపే నిద్రపోయాడు. కాసేపటికి గురక మొదలైంది.

రాజుగారి ముందు గురకేమిటని మంత్రి కంగారుపడి, లేపబోయి చెయ్యి చాచాడు.

రాజు ఆ చేతిని పట్టుకుని ఆపాడు. "తెల్లారింది మొదలు పొయ్యి దగ్గరే ఉన్నాడు. పడుకోనీ" అన్నాడు. తరవాత పడవవాళ్ళవైపు వంగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"తెడ్లు నెమ్మదిగా వెయ్యండి. మనకేం తొందర లేదు."