రాజమాత పాత చీర

అనగా అనగా, నూట పదహారు పట్టు శాలువాలున్నా రాజుగారికి నిద్రపట్టని ఒక మహాపట్నం. ఆ పట్నం శివార్లలో, కోట గోడ నీడ కూడా పడనంత దూరాన, వారానికోసారి పాత సామాన్ల సంత జరిగేది. వంగిన గరిటె, కాలు విరిగిన పీట, ఒకరు కట్టి విడిచిన చీర, అక్కడ దొరకనిది లేదు.

ఆ సంతలో చుక్కమ్మ పాత బట్టలు అమ్మేది. వీధి వీధీ తిరిగి, ఇత్తడి చెంబులిచ్చి పాత బట్టలు తెచ్చుకునేది. ఆవిడకో పిచ్చి. చేతికొచ్చిన ప్రతి గుడ్డనీ తిరగేసి, "నువ్వెవరి ఒంటిమీద తిరిగావే? ఏమేం చూశావే?" అని అడిగేది. గుడ్డ మొహం ఒకసారి చూస్తే ఇక మరిచేది కాదు. కొన్న మనిషి మొహం మాత్రం సాయంత్రానికే మరిచేది.

ఒకనాడు రాణిగారి దాసి, కట్టి కట్టి మెత్తబడిన ఒక ముతక నూలు చీర ఇచ్చి చెంబు పట్టుకుపోయింది. చీర చిరుగు మీద ఆకుపచ్చ దారంతో కుట్టిన చిలక ఉంది. ఆ వారమే అది సంతలో అమ్ముడుపోయింది.

అప్పుడు మొదలైంది గగ్గోలు. అది కాలంచేసిన రాజమాత చీర! తలగడ కింద అది లేనిదే రాజుకు కన్ను మూతపడదు. సిగ్గుపడి ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పనిది రాణికెలా తెలుస్తుంది? ఏదో మాసిన గుడ్డ అనుకుంది.

రాజుకు కోపం రాణి మీద రాలేదు, తన మీద అసలే రాలేదు. గొప్పవాళ్ల కోపం ఎప్పుడూ పల్లానికే పారుతుంది. "చీర తెచ్చినవారికి కోరింది ఇస్తాను. మూడు రోజుల్లో రాలేదో, ఆ సంతే ఉండదు!" అన్నాడు.

సంత లేకపోతే చుక్కమ్మ ఏం తింటుంది? శివారు జనం ఏం కట్టుకుంటారు?

'అంత మెత్తబడిన చీర ఎవరికి కావాలి?' అని ఆలోచించింది చుక్కమ్మ.

మొదటి రోజు ఒత్తులు చేసే ముసలమ్మ దగ్గరికెళ్లింది. "నేను కొన్నది పంచెలే తల్లీ," అందామె. "చిలకనెక్కడ కాలుస్తాను, పాపం కదూ!"

రెండో రోజు బొంతలు కుట్టే సాయన్న దగ్గరికెళ్లింది. అతను నవ్వాడు. "చూశానక్కా. నేను బేరమాడేలోపు ఒకావిడ లాగేసుకుంది. కట్టినామె నిండుగా బతికిందా అని నిన్ను అడిగింది కూడాను. గుడ్డకి జాతకమేమిటో!"

చుక్కమ్మ అక్కడే ఆగిపోయింది. నిండుగా బతికినామె చీర ఎవరడుగుతారు? పురిటి బిడ్డకి కొత్త బట్ట వెయ్యరు. ఆయుష్షు కలిసొస్తుందని, పెద్దావిడ కట్టి విడిచిన మెత్తటి చీరనే వెతికి వేస్తారు.

"ఓసి నా మతిమరుపు మండా! చీర వెతకడమెందుకు, పసిపిల్ల ఏడుపు వెతకాలి గానీ!"

మూడో రోజు పొద్దున్నే రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెల మధ్య చెవులు రిక్కించి నడిచింది. ఒక ఏడుపు వినిపించింది. వెళ్లేసరికి ఆగిపోయింది. వాసానికి చీర ఉయ్యాల, ఉయ్యాలకి ఆకుపచ్చ చిలక, లోపల అప్పుడే నిద్రలోకి జారిన బిడ్డ.

సంగతి విని తల్లి గంగులు మొహం వాడిపోయింది. "ఇది కట్టాకే పడుకుంటున్నాడు వదినా. విప్పుకుపోతావా?"

చుక్కమ్మ చెయ్యి ముడి మీదికి పోయింది. అటు సంత, ఇటు ఈ గుప్పెడు నిద్ర. చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేను విప్పను. ఆ మాట అడగాల్సినాయనే వచ్చి అడుగుతాడు," అని కోటకి నడిచింది.

కోటలో అప్పటికే పట్టు వర్తకుడు మాణిక్యం నిలబడి ఉన్నాడు. అతని చేతిలో వెలిసిన చీర, దాని మీద ఆకుపచ్చ చిలక. "మహాప్రభూ, నాకు ఆ సంత నేల ఇప్పించండి చాలు. అంగడి కట్టుకుంటాను," అంటున్నాడు.

రాజు చీర తడిమి, తేల్చుకోలేక చుక్కమ్మ వైపు చూశాడు. ఆవిడ చీర తిరగేసింది.

"మహారాజా, కట్టిన చీర అంతటా ఒకేలా పాతబడదు. బొడ్డులో దోపిన చోట నలుగుతుంది. కాలికి రాసుకునే అంచు అరుగుతుంది. చెయ్యి తుడుచుకున్న కొంగు మెత్తబడుతుంది. ఇది అంగుళం అంగుళం ఒకేలా వెలిసింది. దీన్ని కట్టిన ఆడది లేదు, బండకేసి బాదిన చాకిరేవే ఉంది."

"ఏమే, గుడ్డలమ్ముకునేదానివి నాకు చెబుతావా?" అని అరిచాడు మాణిక్యం.

"నువ్వమ్మేది మాత్రం గుడ్డలు కాక గుమ్మడికాయలా నాయనా?"

సభంతా నవ్వింది. మాణిక్యం తల దించుకున్నాడు.

"మరి అసలుది ఏది?" అన్నాడు రాజు.

"దొరికింది. తేలేను. పనిలో ఉంది. మీరే దయచెయ్యాలి."

రాజుకు కోపం రావలసింది. కానీ వింతగా తోచింది. చీరకి పనేమిటి? చూడాలని రథమెక్కి చుక్కమ్మ వెంట బయలుదేరాడు.

గుడిసెలో వంగి ఉయ్యాలలోకి చూశాడు. చిలక మీద వేలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఉయ్యాల లోంచి సన్నటి ధార ఆయన బంగారు చెప్పుల మీద పడింది. గంగులు నోటిమీద చెయ్యి వేసుకుంది.

రాజు పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "దీనిలో పడుకుని నేనూ ఇదే పని చేసి ఉంటాను. వీడు పెద్దయ్యాక దీన్నేం చేస్తావమ్మా?"

"ఎవరికి పురుడొస్తే వాళ్లకిస్తాను బాబుగారూ."

రాజు ముడి విప్పలేదు. ఇంకాస్త బిగించి వెళ్లాడు. ఆ పగలే, తిరుగుదారిలో రథంలో కునుకు తీశాడు. సంత సంతలాగే ఉండిపోయింది. కోరుకోమంటే చుక్కమ్మ, దాసి పట్టుకుపోయిన తన చెంబు తనకి ఇప్పించమంది.

పిల్లలూ, దాచిపెట్టుకున్న వస్తువు ఒక్కరి జ్ఞాపకంతో పోతుంది. అక్కరున్నవారి చేతికి చేరిన వస్తువు మళ్లీ పుడుతుంది.