ఓబులక్క చేతి ఉలవలు

అనగనగా ఓ గుర్రప్పిల్ల. పేరు చుక్కన్న. శార్వరి నామ సంవత్సరం మాఘమాసంలో దానికి అన్యాయం జరిగింది. చేసింది పులీ కాదు, పగవాడూ కాదు. పాలు పట్టి పెంచిన చెయ్యే.

ఆ చెయ్యి ఓబులక్కది. తుమ్మలకోట దొరగారి గుర్రాలకు స్వారీ నేర్పేది ఆవిడే. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కోట బయట గుట్ట కింద గుడిసె. గుర్రానికి నడక నేర్పాలంటే అందరికీ ఓబులక్క కావాలి. ఓబులక్క తిన్నదా లేదా అని అడగడానికి మాత్రం ఒక్కరికీ తీరిక లేదు.

తల్లి చచ్చిన చుక్కన్నను మేకపాలు పోసి ఆవిడే బతికించింది. అది ఎదిగాక కళ్లెం అలవాటు చేసింది. ముందు ఖాళీ గోనె, తర్వాత ఇసుక మూట, ఆపైన జీను వేసింది. చివరికి తానే ఎక్కింది. నెత్తిన నీళ్లబిందె ఉన్నా తొణకనంత నెమ్మదిగా నడిచింది చుక్కన్న.

ఆ కోటలో ఒక ఆచారం ఉంది. జీను పడ్డ రోజు నుంచీ గుర్రప్పిల్ల పూటకొకరి చేతి ఉలవలు తినాలి. చాకలైనా సరే, దళవాయైనా సరే. లేకపోతే లోకంలో మనిషంటే ఒక్కరే అనుకుంటుందని పెద్దల భయం.

జనం ఉలవలు తెస్తే ఓబులక్క "రేపు రండి" అనేది. రేపు వస్తే, "ఇవాళ దానికి ఒంట్లో బాగాలేదు, పొండి" అని తలుపేసేది. నలుగురికీ మచ్చికైతే తనను మరిచిపోతుందని ఆవిడ గుబులు. ఉన్నదల్లా ఆ ఒక్క ప్రాణమాయె!

గుర్రాన్ని కోటకు అప్పగించే రోజు వచ్చింది. దళవాయి మీసం దువ్వి ఎక్కాడు, ముళ్లకంపలో పడ్డాడు. గుర్రాలశాల పెద్ద ఎక్కాడు, నడుం పట్టుకుని లేచాడు. "ఇది గుర్రమా, గుండెలు తీసిన బంటా!" అని తిట్టాడు. దొరగారి కూతురు రంగసాని ఎక్కింది, మణికట్టు బెణికింది. మూడుసార్లూ చుక్కన్న పరుగున వచ్చి ఓబులక్క భుజం మీద తల పెట్టింది.

"ఆహా, ఓబులక్క తప్ప ఎవరూ ఎక్కలేని గుర్రం!" అన్నారు జనం. ఆవిడ గుండె పొంగింది. పొంగదా మరి? ఎన్నాళ్లకు విన్నది తన పేరు!

దొర మాత్రం పొంగలేదు. "ముగ్గుర్ని పడేసింది. సున్నపు గానుగకు కట్టండి" అన్నాడు.

మర్నాడు ఓబులక్క గానుగ దగ్గరికి వెళ్లింది. కళ్లకు గంతలతో చుక్కన్న తిరిగిన చోటే తిరుగుతోంది.

"అమ్మా, నువ్వేనా?" అంది వాసన పట్టి. "నేనేం తప్పు చేశాను? ఎవరో ఎక్కారు, నీ దగ్గరికి వచ్చేశాను. నువ్వు నేర్పింది అదేగా!"

ఓబులక్క తిన్నగా దొర ముందుకు వెళ్లింది.

"దొరా, తప్పు గుర్రానిది కాదు. ఇంకొకరి చెయ్యి దాని నోటి దాకా రానివ్వలేదు నేను. కట్టాలంటే నన్ను కట్టండి గానుగకు."

చేతికి పసుపు పట్టు వేసుకున్న రంగసాని నవ్వింది. "నేననుకున్నా నాన్నా! అది నన్ను పడెయ్యలేదు, ఈవిణ్ణి వెతుక్కుంది."

"మరి ఇప్పుడేం చెయ్యమంటావ్?" అన్నాడు దొర ఓబులక్కతో.

"గంతలు విప్పించండి. పూటకొకరి చేత తినిపించండి. నేను దాని కంట పడను, నా వాసన కూడా తగలనివ్వను."

"ఒక్కదానివే ఎలా ఉంటావే?"

"ఇన్నాళ్లూ ఉండలేదా దొరా, కొత్తేముంది!"

దొర గంతలు విప్పించాడు. కానీ ఓబులక్కకు అన్నంత తేలిక కాదు ఒంటరిగా ఉండటం. అలవాటుకొద్దీ ఉలవలు నానబోసేది. తినే నోరు లేక చారు కాచుకుని ఒక్కతే తాగేది. గాలికి తలుపు కదిలితే ముట్టె తగిలిందేమోనని తిరిగి చూసేది.

ఒక పొద్దున డెక్కల చప్పుడైంది. తలుపు సందులోంచి చూసింది. చుక్కన్న మీద రంగసాని. గుడిసె ముందు గుర్రం ఆగింది, చెవులు నిక్కించింది. ఓబులక్క నాలుక ఒక్కసారి టక్కుమంటే చాలు, లోపలికి వచ్చేస్తుంది. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

"పదరా నాయనా" అని రంగసాని దాని మెడ నిమిరింది. చుక్కన్న కదిలింది, నెత్తిన నీళ్లబిందె ఉన్నా తొణకనంత నెమ్మదిగా. చప్పుడు గుట్ట దాటిపోయింది.

ఆ సాయంత్రం రంగసాని కాలినడకన వచ్చి గడపలో కూర్చుంది.

"గుర్రాన్ని శాలలో కట్టేసి వచ్చాను. నువ్వు తిన్నావా ఓబులక్కా?"

ఓబులక్క రెండో గిన్నె వెతికి తెచ్చి చారు పోసింది.

గుర్రాలశాల గుమ్మం రాతి మీద ఓబులక్క చెక్కించిన మాట ఇది: "ప్రేమించిన ప్రాణికి మన చెయ్యే లోకమని నేర్పడం అన్యాయం. ప్లవ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ దశమి."