శిలాఫలకంలో ఖాళీ

తుమ్మలగిరి రాజధానిలో సంత కింద భూగర్భ రైలు స్టేషన్ కట్టి ఐదేళ్లయింది, ఇంకా తెరవలేదు. జనం మాత్రం అడ్డుపెట్టిన రేకుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకుంటున్నారు.

ఇవాళే ప్రారంభమని చాటింపు వేయించిన మంత్రి పొద్దున్నే వచ్చి, "ముహూర్తం దసరాకి మార్చాం. ఫలకం మీద తేదీ చెరుపు," అన్నాడు రాళ్లు చెక్కే కాటమయ్యతో. అది ఎనిమిదో మార్పు.

కాటమయ్య ఫలకం మీది గుడ్డ తీశాడు. ఇవాళ్టి తేదీ ఉంది. మంత్రి పేరుండాల్సిన చోటు నున్నగా ఉంది.

"నా పేరేదిరా?"

"ఇప్పటికి ముగ్గురు మంత్రుల పేర్లు చెక్కి చెరిపాను దొరా. దసరాకి ఎవరుంటారో! ఇవాళ తెరిస్తే మాత్రం తమరి పేరే."

మంత్రి చెమట తుడుచుకుని, కొబ్బరికాయ తెమ్మని కేకేశాడు. "చెక్కడానికి ఎంతసేపు?"

"తమరు మొదటి రైలెక్కి తిరిగొచ్చేలోగా చెక్కేస్తాను దొరా. అప్పటిదాకా తమరే మంత్రిగా ఉంటే."