మూడు రోజులు నానిన మక్కలు

నెల రోజులుగా మదార్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు.

బూర్గుగూడెం దర్గాలో ఉండే ముసలి ఫకీరు పోయాడు. ఊరివాళ్ళు మదార్ గురువు కరీముల్లా షా దగ్గరికి వచ్చి, తమకొక మనిషిని పంపమని అడిగారు. కష్టమొస్తే చెప్పుకోవడానికి ఎవరూ లేకుండా పోయారట. గురువు మదార్‌ను చూపించి, "ఇతను వస్తడు" అన్నాడు.

అప్పటినుంచీ మదార్ ఇవాళ, రేపు అంటూనే ఉన్నాడు. పదకొండేళ్ళు ఆ గురువు దగ్గరే ఉన్నవాడు, నిన్నకాక మొన్న చేరినవాడిలా ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తున్నాడు.

"బాబా, బిడ్డ చచ్చిపోయిన తల్లి వచ్చి, నాకే ఎందుకిట్లయిందని అడిగితే ఏం చెప్పాలె?"

"ముందుగాల కూసోమను."

"తర్వాత?"

"తాగనీకి నీళ్ళియ్యి."

"ఆ తర్వాత?"

గురువు ఇంకో మక్కకంకి అందుకుని గింజలు ఒలవసాగాడు.

మదార్‌కు ఒళ్ళు మండింది. ఇంత బరువు నెత్తిన పెట్టి, కూర్చోమను, నీళ్ళియ్యి అంటే సరిపోతుందా? కోపం పైకి కనిపించేది గానీ, లోపలున్నది భయం. తన దగ్గర ఏమీ లేదని మొదటి రోజే ఆ ఊరికి తెలిసిపోతుందని భయం.

తొలకరి పడింది. గురువు ఉండే దర్గా వెనక ఎకరన్నర మెట్టచెలక ఉంది. అందులో పండే మక్కలనే, మొక్కజొన్న గింజలనే, రవ్వగా విసిరి వచ్చేపోయేవాళ్ళకు గట్క వండుతారు. దూలానికి కట్టి దాచిన నాటు కంకులు కొన్ని దించి, ఒలిచిన గింజలను గురువు రెండు పాళ్ళు చేశాడు. ఒకటి తనకు, ఒకటి మదార్‌కు.

"పొద్దుగాల నమాజు కాంగనే నానెయ్యి. పొద్దూకంగ తీసి నీడకు ఆరబొయ్యి. చేతికంటకుంటే చాలు, తెల్లారి పెట్టుకోవచ్చు."

"నానేస్తే ఏమైతది బాబా?"

"జల్ది మొలుస్తది. వాన మొఖం చాటేసినా జర నిలబడ్తది."

గురువు తన వంతు అలాగే చేసి, మర్నాడే సాళ్ళలో పెట్టాడు. మదార్ మాత్రం తీయలేదు. ఒక్క పగలు నానితేనే అంత బలమొస్తే, మూడు రోజులు నానితే ఎంత రావాలి అనుకున్నాడు. గంటకోసారి వెళ్ళి, గింజలు నానేసిన గంగాళంలో చెయ్యి పెట్టి చూసేవాడు. గింజలు ఉబ్బుతున్నకొద్దీ అతనికి కాస్త ధైర్యంగా ఉండేది.

నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి, వజూకు, గురువు పోయే దారి ఆ గంగాళం పక్కనుంచే. రోజుకు ఐదుసార్లు పోతాడు. ఒక్కసారీ నోరు విప్పలేదు.

మూడోనాటికి నీళ్ళ మీద నురగ తేలింది. పుల్లటి వాసన వచ్చింది. మదార్ దాన్ని కూడా మంచికే అనుకున్నాడు, పాపం. ఆ గింజలనే తీసుకెళ్ళి తన సాళ్ళలో పెట్టాడు.

వారం తిరిగేసరికి గురువు సాళ్ళ పొడుగునా పచ్చటి మొనలు లేచాయి. ఈ పక్కన మట్టి మట్టిలాగే ఉంది. మదార్ పొద్దున, సాయంత్రం ఆ సాళ్ళ వెంట తిరిగాడు. అన్నం సహించలేదు. పదో రోజు ఇక ఉండబట్టలేక, కూర్చుని వేలితో తవ్వాడు. గింజ వేళ్ళ మధ్య చితికిపోయి కంపు కొట్టింది. ఇంకొకటి తీశాడు. ఇంకొకటి. సాలు సాలంతా అంతే.

గురువు వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"విత్తనమే మంచిది కాదేమో బాబా," అన్నాడు మదార్.

"మంచి విత్తనమే. నేను దాచింది."

"మరి నీళ్ళు..."

"నీళ్ళు గూడ మంచియే."

మదార్ అరచేతిలోని కుళ్ళును చూశాడు. తీయాల్సిన పూట తీయనిది తనే. తర్వాత చెయ్యి మట్టికి రుద్దుకుని లేచాడు.

"ఈ సాళ్ళు మళ్ళ పెట్టి పోత బాబా. నాలుగు రోజులు, అంతే."

"అవి నేను పెడ్త. కంకులు ఇంక ఉన్నయి." గురువు అతని ముఖంలోకి చూశాడు. "బూర్గుగూడెం బస్సు ఎన్నింటికి బేటా?"

మదార్ ఏదో అడగబోయాడు. ప్రశ్న నోటిదాకా వచ్చింది.

"రెండున్నరకు," అన్నాడు. గట్టు దిగి నడిచాడు.