కిర్రుమనని గానుగ

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో మూడు గానుగలు. ఒకటి మా తాత పోలయ్యది. రెండోది గవరయ్యది, మూడోది చిట్టెన్నది. ముగ్గురూ వరసకి బావలు. గానుగంటే తెలుసా తల్లీ, పెద్ద రోట్లో నువ్వులు పోసి, ఎద్దుని కట్టి రోకలి తిప్పిస్తే నూనె కారుద్ది.

మా తాత ఎద్దు మామూలు ఎద్దు కాదు. అది తుమ్మితే పక్క ఊళ్ళో కొబ్బరికాయలు రాలేవి. నవ్వకు. నేను చూశాను. పుట్టకముందే చూశాను.

పొద్దున మీ నాన్న పెట్రోలు పోయించుకొచ్చి గొణిగాడు కదా, ఆ నూనె దేశాలోళ్ళు కొన్నాళ్ళు ఒక మాట మీదుంటారు, కొన్నాళ్ళు ఉండరు, ఎందుకో ఏంటో అని. అంత చదువు చదివి తెలీదట. రెండో తరగతిలో బడి గోడ దూకి పారిపోయిన దాన్ని, నేను చెబుతా విను.

మొదట్లో ముగ్గురూ రోజూ ఆడించారు. సంత నిండా నూనే. అప్పుడు ధర పడిపోయింది. కొనేవాళ్ళు "ఇంకో గిద్దెడు ఊరికే పొయ్యి" అనడం మొదలెట్టారు. ముగ్గురిళ్ళలోనూ గంజే.

ఆ తర్వాత ముగ్గురూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. వారానికి నాలుగు రోజులే గానుగ ఆడించాలి. నూనె తగ్గితే ధర అదే వస్తుంది.

మరి ఎవరన్నా దొంగాట ఆడితే? గానుగ తిరిగితే కిర్రుమంటుంది, ఊరంతా వినపడుద్ది. రోకలి ఒరుసుకునే చోట చమురు రాస్తే ఆ చప్పుడు పోద్ది. అందుకని ఎవరూ చమురు రాయకూడదని ఒట్టేసుకున్నారు.

ధర వచ్చింది. అన్నం ఉడికింది. అన్నంతో పాటు ఆశా ఉడికింది. గవరయ్య కూతురి పెళ్ళి పెట్టుకుని ఐదో రోజూ ఆడించాడు. కిర్రు, కిర్రు.

"ఏం బావా, నీ ఎద్దుకి వారాలు తెలీవా?" అన్నాడు చిట్టెన్న.

"దానికి తెలుసు. పెళ్ళి హడావుడిలో నేనే మర్చిపోయా."

నవ్వుకున్నారు. కానీ మర్నాడు మిగతా ఇద్దరూ ఆడించారు. అప్పుడు ధర పడింది, మళ్ళీ గంజి. గంజి తాగాక మళ్ళీ ఒకటయ్యారు. మీ నాన్నతో చెప్పు, గంజి వేళ కలుస్తారు, అన్నం వేళ విడిపోతారు అని.

రెండోసారి చిట్టెన్న. ఇంకో ఎద్దుని కొన్నాడు. "నాకు మేపాల్సిన నోళ్ళు ఎక్కువ, ఐదు రోజులు కావాలి" అన్నాడు.

"కొనేటప్పుడు మమ్మల్ని అడిగావా?" అన్నాడు గవరయ్య.

మాటా మాటా పెరిగింది. అప్పుడు చిట్టెన్నకి ఐదో రోజు వదిలేసి, మా తాతే తన గానుగ ఇంకో రోజు ఆపాడు. ఆయనదే పెద్ద గానుగ మరి. ఆయన ఆపితేనే ధర నిలబడేది.

మూడోసారి... ఇక్కడ నేను గొప్పలు చెప్పలేను తల్లీ. వాళ్ళు తింటుంటే నేనొక్కణ్ణే ఎందుకు ఆగాలని మా తాతకి మనసులో ముల్లు గుచ్చుకుంది. ఆ మాట వాళ్ళనే అడగొచ్చు, పోట్లాడొచ్చు. అడగలేదు. రోకలికి చమురు రాశాడు. ఆపాల్సిన రోజున కొట్టం తలుపేసి ఆడిస్తే, గానుగ పిల్లిలా చప్పుడు లేకుండా తిరిగింది. ఆ నూనె ఏటి అవతల అమ్ముకొచ్చాడు.

అవతలోళ్ళు మన సంతకి రావడం మానేశారు, ధర జారింది. కిర్రు మాత్రం ఎక్కడా వినపళ్ళేదు. గవరయ్య చిట్టెన్నని అనుమానించాడు, చిట్టెన్న గవరయ్యని. మా తాతని ఎవరూ అనుమానించలేదు. అందరికోసం ఆపినోడు ఆయనే కదా. ఈసారి గంజి వచ్చినా కలిసి కూర్చోలేదు. ఒకళ్ళ గుమ్మం ఒకళ్ళు తొక్కలేదు.

ఆ తర్వాత గవరయ్య ఎద్దుని అమ్మేసి, బర్మాలో కూలి పనికని రంగం ఓడెక్కడానికి బయల్దేరాడు. మూట నెత్తిన పెట్టుకుని మా తాత దగ్గరికొచ్చాడు.

"బావా, ఇచ్చిన మాట మీద నిలబడ్డది నువ్వొక్కడివే. నా గానుగ నువ్వు చూసుకో."

మా తాత నోరు తెరిచాడు. చెప్పేద్దామనే తెరిచాడు.

"ఓడ మీద గాలి కొడుద్ది, తలకి గుడ్డ చుట్టుకో" అన్నాడు.

గవరయ్య మరి రాలేదు. ఆ చమురు సంగతి మా తాత పోయే ముందు నాకు చెప్పాడు. నాకు చెప్పి ఏం లాభం తల్లీ.

కథేమో కంచి దారి పట్టింది,
కంటికి కునుకొచ్చి చుట్టింది.
దాచిన మాటుంటే చెప్పేసి పడుకో,
దుప్పటి సగం నాకిచ్చి పడుకో.