గోడ అవతల ఊకొట్టిన రాకుమారి

లలితసేనుడని ఒక రాజుండేవాడు. ఎప్పటి రాజని అడక్కండి, కథ ఆగిపోతుంది. ఆయనకు ముగ్గురు కొడుకులు. కంకాళుడనే మాంత్రికుడు పొరుగు రాజు కూతురు కువలయను ఎత్తుకుపోయాడు. విడిపించి తెస్తానని పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. మూడోవాడు మణిభద్రుడు ఏడు సముద్రాలూ దాటి వెళ్లి, తనూ దొరికిపోయాడు.

కంకాళుడు అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. వేళకు అన్నం వచ్చే ఒక గదిలో పెట్టి తాళం వేసుకుపోయాడు. అక్కడ మనిషి అలికిడే లేదు. మాట్లాడటం మానేసినవాళ్లు ఆ గదుల్లో రాయైపోతారు. అన్నలిద్దరూ అప్పటికే మూలన రాళ్లై ఉన్నారు.

మణిభద్రుడు లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగాడు. పడుకుంటే నిద్ర రాదు, లేస్తే ఏం చేయాలో తోచదు. అన్నం సయించలేదు. స్నానం మానేశాడు. ఎవరున్నారని మాట్లాడటం అనుకున్నాడు. ఒకనాడు చూసుకుంటే కాలివేళ్లు రాయైపోయి ఉన్నాయి.

గోడ కన్నంలోంచి ఒక ఎలుక తొంగిచూసింది. ముందు స్నానం చెయ్యమంది. తర్వాత నాలుగు ముద్దలు తినమంది. ఆ తర్వాత ఏదో ఒక కథ చెప్పమంది.

"ఎవరికి చెప్పను?"

"గోడకు చెప్పు. నోరు మూసుక్కూర్చోకు, అంతే," అంది ఎలుక.

సిగ్గుపడుతూనే, చిన్నప్పుడు ఏనుగు తన తలపాగా నమిలేసిన సంగతి మొదలుపెట్టాడు. కాసేపటికి గోడ అవతల ఎవరో బొంగురు గొంతుతో "ఊ" అన్నారు. అది కువలయ. ఆమెకు మోకాళ్లదాకా రాయి వచ్చేసింది.

ఇక ఒకరు చెప్పడం, ఒకరు ఊకొట్టడం. రాయి పైకి పాకడం ఆగింది. ఒకరోజు ఆమె, తన పక్కనే పంజరంలో చిలక ఉందనీ, అది ఒక్క మాటా పలకదనీ, అయినా ఇన్నాళ్లూ తనకు తోడు అదేననీ చెప్పింది. ఎలుక చెవులు నిక్కించింది. మాంత్రికుడి ప్రాణం ఆ చిలకేనంది. అది పంజరంలో ఉన్నంతకాలమే వాడి మాయ పనిచేస్తుందట.

చిలకను వదిలెయ్యమని మణిభద్రుడు బతిమాలాడు. అవతల చప్పుడు లేదు. ఆమె పూర్తిగా రాయైపోయిందేమోనని అతను గోడను దబదబా బాదాడు.

"ఇదీ పోతే నాకెవరున్నారు?" అంది చివరికి.

"నేనున్నానుగా. మాట్లాడుతూనే ఉంటాను."

కువలయ పంజరం తెరిచింది. చిలక కిటికీలోంచి సముద్రం మీదికి తుర్రుమంది. కంకాళుడు తన ప్రాణం వెంట సముద్రంలోకి పరుగెత్తి, మళ్లీ కనబడలేదు. తాళాలు ఊడిపడ్డాయి, రాళ్లు మనుషులయ్యాయి.

మణిభద్రుడికీ కువలయకూ పెళ్లయింది. చాలాకాలం రాజ్యమేలారు. ఊళ్లో ఎవరైనా జబ్బుచేసి గదిలో ఒంటరిగా ఉండిపోతే, మణిభద్రుడే వెళ్లి తలుపు బయట కూర్చుని కబుర్లు చెప్పేవాడు. లోపల్నుంచి జవాబు వచ్చేదాకా, మంత్రులు ఎంత పిలిచినా లేచేవాడు కాడట.